లండనులో మధ్యాహ్న భోజనం

లండను, నవంబరు 1955

కృపమణీ,

దేవుని దయవల్ల ఇప్పుడు బాగున్నాను. పోయిన ఉత్తరంలో కడుపునిండా తింటున్నానని రాశాను. అది అబద్ధం. చదువుకని ఇచ్చే డబ్బులో కొంత మిగిల్చి కడపకు పంపాలని రెండు నెలలుగా మధ్యాహ్నం తినడం మానేశాను. సోమవారం మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను.

పక్కగదిలో ఉండే మన ఆదోని ఖాసిం సాహెబు లేపి కూర్చోబెట్టి, పప్పన్నం తెచ్చిపెట్టాడు. “కడుపు మాడ్చుకుంటే సదువు యాడ ఎక్కుతాదప్పా? రేపట్నుంచి ఇద్దరం కలిసి వండుకుందాం” అన్నాడు. అలా వండుకుంటే హోటలు ఖర్చులో సగమే అవుతోంది. అయినా మూడు పూటలా తింటున్నాను కాబట్టి ఈ నెల నీకు తక్కువే పంపగలిగాను.

నువ్వూ పిల్లలూ రెండు పూటలా తింటున్నామని రాశావు. నువ్వూ నాలాగే రాశావేమోనని భయంగా ఉంది. నిజం రాయి.

నీ భర్త