సోమవారం గడ్డం

జూన్ 2, సోమవారం

గిరిగాడు మళ్లీ వచ్చాడు. వరసగా మూడో సోమవారం. కుర్చీలో కూలబడి, గడ్డం గీయి మామా అంటాడు.

ఏ గడ్డం? పంతొమ్మిదేళ్లవాడు. చెంపల మీద కందికాయకున్నంత నూగు. మీసమని చెప్పుకునే ఆ నాలుగు వెంట్రుకల్ని మాత్రం ముట్టుకోవద్దట. వాటికి రోజూ ఆముదం రాస్తున్నాడని వాళ్లమ్మ చెప్పింది.

పదింటికి రావడం, పదకొండుకి పోవడం. మిగతా ఆరు రోజులూ పిలిచినా పలకడు. నేను వీడికి మెంటార్‌నట. మదనపల్లె ఆఫీసువాళ్లు నా మెడలో కార్డు వేసి ఏడాది కావస్తోంది. దారి తప్పేలా ఉన్న కుర్రాళ్లతో స్నేహం చేసి, కొట్లాటల్లోకి పోకుండా పట్టుకోవాలి. కార్డు మీద మాటని టీకొట్టు ఖాదర్ 'మెంటల్' అని చదివాడు. చదువు రాదనుకుంటే పొరపాటు, వాడి సంగతి నాకు తెలుసు.

గిరి ఈ రోజు నా జోకుకి నవ్వాడు కూడా. పాత జోకుకి. అక్కడే అనుమానం వచ్చింది.

జూన్ 3, మంగళవారం

అంగడికి సెలవు. మంగళవారం మా పనివాళ్లెవరూ కత్తెర పట్టరు. అయినా పోయి షట్టర్ సగం ఎత్తి లోపలికి దూరాను. గిరి కూర్చునే కుర్చీలో కూర్చున్నా. వాడు నాకంటే జానెడు పొడుగు. కింద పాత పేపర్ల కట్ట వేసుకుని మళ్లీ కూర్చున్నా. అద్దంలోకి చూశా.

నా మొహం. పక్కన ఖాదర్ టీకొట్టు. దాని వెనక... పోలీస్ స్టేషన్ గేటు.

ఇన్నేళ్లుగా ఈ అద్దం ముందు నిలబడ్డానే తప్ప కూర్చోలేదు. నిలబడితే గేటు కనబడదు.

సోమవారం పదికీ పదకొండుకీ మధ్య ఆ గేట్లోకి పోయేవాడు హరి. బెయిల్ మీద ఉన్నాడు, వారానికోసారి వచ్చి సంతకం పెట్టాలి. పోయినేడు గిరి అన్న శేఖర్‌ని కత్తితో పొడిచింది వాడే. శేఖర్ కుడిచెయ్యికి ఇప్పటికీ పిడికిలి పడదు. మదనపల్లె మండీలో టమాటా బాక్సులు ఎత్తే మనిషి, ఇప్పుడు అక్కడే చీటీలు రాస్తున్నాడు. ఎడమచేత్తో.

పేపర్ల కట్ట తీసి దాని చోట్లో పెట్టేశా. ఎవరూ చూడలేదు కదా... ఖాదర్ చూసినట్టే ఉన్నాడు.

జూన్ 4, బుధవారం

మదనపల్లె ఆఫీసులో మీటింగు. స్టెల్లా మేడమ్ బోర్డు మీద బాణాలు గీసింది. దెబ్బ పడ్డాక కట్టు కట్టేవాళ్లు ఆసుపత్రిలో ఉన్నారు, పడకముందు చెయ్యి పట్టుకునేవాళ్లం మనం అంది. బాగుంది. ఆ చెయ్యి ఎటు నుంచి వస్తుందో బాణం వెయ్యలేదు.

నాకు ముగ్గురు కుర్రాళ్లని ఇచ్చారు. ఒకడు పలమనేరులో పాల వ్యాన్ ఎక్కాడు. ఒకడు బెంగళూరు పోయాడు. మిగిలింది గిరి. ఎలా ఉన్నాడని మేడమ్ అడిగింది. బాగున్నాడు, వారం వారం గడ్డం గీయించుకుంటున్నాడు అన్నా. మంచి మార్పు అని రాసుకుంది.

గేటు సంగతి చెప్పలేదు. చెబితే రాస్తుంది. రాసింది ఇంకెవరో చదువుతారు. ఏ నేరమూ చెయ్యని వాడి పేరు స్టేషన్లో ఎక్కుతుంది.

జూన్ 9, సోమవారం

షట్టర్ దించి ఇది రాస్తున్నా.

పదింటికి గిరి వచ్చాడు. గుడ్డ కప్పా, నురగ పూశా. పదీ ఇరవైకి గేటు దగ్గర బండి చప్పుడు. అద్దం చూడక్కర్లేకపోయింది. నా వేళ్ల కింద వాడి మెడ నరం బిగిసింది. గుడ్డ లోపల కుడిచెయ్యి మెల్లగా నడుం వైపు పోయింది.

ఏం చెయ్యాలి? పట్టుకుంటే విదిలించుకుంటాడు. అరిస్తే అంతే సంగతులు.

ఒక్క గీటు. ఎడమవైపు మీసం తీసేశా.

వాడు అద్దంలో మొదటిసారి తన మొహం చూసుకున్నాడు.

"మామా... ఏంది మామా ఇది?"

"చెయ్యి జారె."

"ఆ పక్కదీ తీసెయ్యి."

"కరెంటు లేదప్పా."

"కత్తికి కరెంటు యాల?"

వాడు లేచాడు. షట్టర్ దాకా పోయి ఆగాడు. బయట ఖాదర్ కొట్టు దగ్గర వాడి ఈడువాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. సగం మీసంతో ఆ నలుగురి ముందు నుంచి నడవడమంటే వాడికి చావుతో సమానం. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. గుడ్డ ముక్కు దాకా లాక్కున్నాడు. హరి సంతకం పెట్టి, వాళ్ల నాయన బండెక్కి పోయేదాకా అలాగే కూర్చున్నాడు.

అప్పుడు గుడ్డ తీశా. ఒళ్లో పొడుగాటి స్క్రూడ్రైవర్.

తీసి దువ్వెనల డ్రాయర్లో పెట్టా. రెండో సగం గీసి పంపా. పోతూ పోతూ ఒక చూపు చూశాడు.

జూన్ 10, మంగళవారం

ఇది ఆఫీసు ఫారంలో రాయను. ఇక్కడే.

పోయినేడు వాలీబాల్ టోర్నమెంటుకి శేఖర్ ఫ్లెక్సీ కొట్టించాడు. తన ఫోటో తలుపంత. హరిది కింద మూల, వరసలో ఆఖర్న. ఆ రోజే హరి నా దగ్గర కటింగుకి వచ్చాడు. నోరు ఊరుకోదు కదా నాకు. "ఏందిరా హరీ, ఫ్లెక్సీలో నీ మొగం స్టాంపు మాదిరి ఉండాదే. నాకి కవరు మీద అంటించేదా?" అన్నా. అంగట్లో అందరూ నవ్వారు. బాగా పేలింది అనుకుని తర్వాత వచ్చినవాడికీ చెప్పా. ఆ తర్వాతవాడికీ. పొద్దు గూకేసరికి వీధంతా వాడిని స్టాంపు అని పిలుస్తోంది.

రెండు రోజులకి శేఖర్‌కి కత్తిపోటు. కారణం పాతకక్షలు అని పోలీసులు రాసుకున్నారట. ఆ పాతకక్ష వయసు రెండు రోజులు.

అందుకే ఈ కార్డు మెడలో వేయించుకున్నా. నాది సేవాగుణం అనుకుంటోంది మేడమ్. ఆ మాట పుట్టింది నా నోట్లోనని హరికి తెలుసు. గిరికి తెలుసా? సోమవారాలు వాడు అద్దంలో చూసింది గేటునా... గేటు పక్కన నన్నా?

జూన్ 11, బుధవారం

మేడమ్‌కి స్క్రూడ్రైవర్ సంగతి చెప్పా. స్టాంపు సంగతి చెప్పలేదు. సగం చెప్పా, గిరి మీసం మాదిరి.

ఆమె కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది. పేరు ఎక్కడా రాయనంది. నమ్మాలా? సోమవారం సంగతి నేను చూస్తాను, మీరు వాడికి పని నేర్పండి మునెప్పగారూ అంది. శనివారం కుప్పంలో కుర్రాళ్లందరికీ క్యాంపు ఉంది, తీసుకురండి అని నవ్వింది. సరే అన్నా. ఆ నవ్వులో ఏదో ఉంది.

జూన్ 14, శనివారం. కుప్పం

ఉందని చెప్పానా లేదా. హరినీ తెచ్చారు.

ఇంకో మెంటార్‌తో వచ్చాడు. ముందు చెబితే నేను గిరిని తెచ్చేవాణ్ణి కాదని మేడమ్‌కి తెలుసు. పొద్దుటి నుంచీ ఇద్దరూ హాలుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. నా కళ్లు గిరి నడుం మీదే. భోజనాలయ్యాక ఇద్దరికీ కలిపి గిన్నెలు తోమే పని వేసింది. మహాతల్లి.

కొళాయి దగ్గర ఇద్దరే. సగం గిన్నెలయ్యాక హరి ఏదో అన్నాడు. గిరి గిన్నె కింద పెట్టాడు. నేను కడిగిన ప్లేటే మళ్లీ కడుక్కుందామని అటు పోయా. ఇద్దరూ మాటలు ఆపేశారు. ఆపి, ఇద్దరూ నా వైపు చూశారు.

జూన్ 15, ఆదివారం

నిన్న తిరుగు బస్సులో పలమనేరు దాటేదాకా గిరి ఫోన్లోనే. ఎవుర్రా అంటే ఎవురూ లే మామా అన్నాడు. టైము చూస్తానని ఫోన్ అడిగా. నీ చేతికి వాచీ ఉండాదే అన్నాడు.

జూన్ 16, సోమవారం

హరి వచ్చి సంతకం పెట్టి పోయాడు. గిరి అంగట్లోనే ఉన్నాడు, కానీ అద్దం వైపు గానీ గేటు వైపు గానీ చూడకుండా గోడకి తిరిగి నిలబడ్డాడు. బండి పోయాక అడిగాడు, "పని నేర్పిస్తావా మామా?"

నేను అడగమని అనలేదు. మేడమ్ చెప్పిందా? లేదంటాడు. మరి ఎందుకు?

బెలూన్ ఊది చేతికిచ్చా. నురగ పూసి, పగలకుండా గీయాలి. మేమందరం అలాగే నేర్చుకున్నాం. మొదటి బెలూన్ వాడి మొహం మీదే పేలింది. రెండోదాన్ని తమాషాకి నేను ఊదకముందే సూదితో సన్నగా పొడిచి ఇచ్చా. వాడు కనిపెట్టి నావైపు చూశాడు. నవ్వలేదు. గమ్మున మూడోది ఊదుకున్నాడు.

జూన్ 19, గురువారం

చెయ్యి తేలిక, వెధవకి. మా నాయన చెయ్యిలా.

ఈ రోజు నేర్పిన పాఠం: గొంతు మీద గీసేటప్పుడు పైనుంచి కిందికి. నురగ పూశాక కుర్చీలో మనిషి మాట్లాడకూడదు, పనివాడు మాట్లాడించకూడదు. గొంతు కదిలితే కత్తి కోస్తుంది.

"అయితే నీకు గడ్డం గీసేది ఎట్ల మామా" అన్నాడు. ఆ జోకు నాదై ఉండాల్సింది.

జూన్ 21, శనివారం

నాయన కత్తి లేదు.

మడిచే కత్తి, కొమ్ముపిడిది. వాడను, జ్ఞాపకానికి డ్రాయర్లో ఉంచా. స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. కత్తి మాత్రం లేదు. ఖాదర్‌ని అడిగా. "నా గడ్డం సూడు భాయ్, కత్తి తీసుకున్నోడి గడ్డమేనా?" అన్నాడు. ఇంట్లో నా పెళ్లాం సరోజని అడిగా. నీకు నా మీదా అనుమానమేనా అని పళ్లెం గట్టిగా పెట్టింది.

గిరిని అడగలేదు. అడిగితే లేదంటాడు. అప్పుడు నేను నమ్మలేను. నమ్మలేదని వాడికి తెలుస్తుంది.

జూన్ 23, సోమవారం

పదకొండు దాటింది, హరి రాలేదు. గేటు దగ్గర కానిస్టేబుల్‌ని అడిగా. సంతకం మంగళవారానికి మారిందట, కోర్టు నుంచి కాగితం వచ్చిందట.

మేడమ్‌కి ఫోన్ చేశా. సంతోషంగా ఉంది. హరి వాళ్ల లాయర్‌తో తనే మాట్లాడిందట. "మంగళవారం మీ అంగడి మూత కదా మునెప్పగారూ, గిరి అటు పక్కకే రాడు."

గిరి రాడు సరే. నేనూ ఉండను కదమ్మా. గేటుకి ఎదురుగా ఉన్న ఒక్క జత కళ్లూ ఆ రోజే మూత. ఇదంతా నేను చెప్పిన సగం మాటకి వచ్చింది.

జూన్ 24, మంగళవారం

ఖాదర్ కొట్లో నాలుగు టీలు తాగా. హరి వచ్చాడు, పోయాడు. గిరి జాడ లేదు. సదుం పోయాడని వాళ్లమ్మ చెప్పింది. సదుంలో వాడికెవరున్నారు?

జూన్ 28, శనివారం

గిరి నేల ఊడుస్తూ, తల ఎత్తకుండా:

"మంగళారం అంగడి తీస్తావా మామా?"

"మంగళారం యాడన్నా తీస్తారా? యాల?"

"హరి గడ్డం గీయించుకుంటాడంట. నా మొదటి గిరాకీ వాడే. సంతకం పెట్టేసి ఈడికే వస్తా అనినాడు."

దువ్వెన నా చేతిలోంచి జారింది. మంగళవారం సంగతి నీకెవరు చెప్పారని అడిగా. హరే అన్నాడు. కుప్పంలో నంబరు ఇచ్చాడట.

"ఇంకేం చెప్పినాడు?"

"శానా చెప్పినాడు."

అంతే. మళ్లీ ఊడవడం.

జూన్ 30, సోమవారం

పొడిచినవాడు, పొడిపించుకున్నవాడి తమ్ముడికి గొంతు అప్పగిస్తాడా? వాళ్లిద్దరూ కలిసిపోయారా? లేక ఒకడు నమ్మి వస్తున్నాడా, ఇంకొకడు కాచుకున్నాడా? కలిసిపోయి ఉంటే... కలిపింది ఏది? కొళాయి దగ్గర ఇద్దరూ నా వైపు చూసిన చూపు గుర్తొస్తోంది.

మేడమ్‌కి చెప్పాలని ఫోన్ తీశా. పెట్టేశా. చెబితే హరిని రానివ్వరు. గిరికి నేను నమ్మలేదని తెలుస్తుంది. ఇంకో చోట, ఇంకో రోజు, అద్దం లేని తావులో జరుగుతుంది.

సరోజ అంది, నీ అంత అనుమానం మనిషి ఆ పిల్లోడిని పనికెట్ల పెట్టుకున్నావని. స్టాంపు సంగతి ఆమెకు చెప్పా. ఏడాది తర్వాత. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "నాకు చెప్పి ఏం లాభం" అంది.

జూలై 1, మంగళవారం

తొమ్మిదింబావు. షట్టర్ పూర్తిగా ఎత్తా. ఖాదర్ గ్లాసు పట్టుకుని బయటికొచ్చి మరీ చూశాడు. మంగళవారమని గుర్తు చేశాడు. గుర్తుంది అన్నా.

తొమ్మిదిన్నరకి గిరి. తలకి నూనె, ఉతికిన చొక్కా. నడుం దగ్గర నుంచి తువ్వాలు చుట్ట తీశాడు. విప్పాడు. నాయన కత్తి. తళతళా మెరుస్తోంది.

"సాన పట్టించుకొచ్చినా మామా. సదుంలో ముసలాయన ఒకడు ఉండాడు. బిన్నా ఇయ్యలేదు, వారం తిప్పినాడు."

అడక్కుండా తీసుకున్నావేం అన్నా. అడిగితే ఇస్తాంటివా అన్నాడు. ఇచ్చేవాణ్ణి కాదు.

"దీంతోనే గీస్తా."

సరే అన్నా. అయితే ముందు నాకు గీయాలన్నా. నా గొంతు మీద గాటు పడకుంటేనే వాడి గొంతు దాకా పోవాలి, ఇది నా అంగడి రూలు అన్నా. ఇప్పుడే పుట్టిన రూలని వాడికీ తెలుసు. కాసేపు కత్తి వైపు, కాసేపు నా వైపు చూశాడు. నవ్వాడా? అద్దంలో సరిగ్గా కనబడలేదు.

"కూర్చో మామా."

గుడ్డ దులుపుతున్నాడు. గిన్నెలో నురగ కలుపుతున్నాడు. కుర్చీలో పేపర్ల కట్ట మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఇది రాస్తున్నా. ఏం రాస్తాండావు అంటే ఆఫీసు ఫారం అన్నా. ఇక్కడి నుంచి గేటు బాగా కనిపిస్తుంది. హరి ఇంకా రాలేదు.

వాడికి చెప్పాలి. హరి చెప్పి ఉన్నా సరే, నా నోటితో చెప్పాలి. స్టాంపు అన్న మాట నాదేనని. నురగ పూశాక మాట్లాడకూడదని నేర్పింది నేనే. పూసేలోపే చెప్పాలి.

బ్రష్ తీసుకున్నాడు.