పిమ్ గారి ముక్కు

టొలీడో, మార్చి 1952

ఆర్నల్డ్ మామయ్యకు,

హాస్యనటుడు లెస్టర్ పిమ్ మీద మీరు గీసే కామిక్ పుస్తకంలో ఆయన ముక్కు సగానికి తగ్గించి గీయకపోతే వేరే చిత్రకారుణ్ణి పెట్టుకుంటామని ఆయన మేనేజరు అన్నట్టు అమ్మకు రాశారు కదా. తొందరపడి తగ్గించకండి.

నిన్న పిమ్ గారే నాటకం కోసం మా ఊరొచ్చి, మందుల దుకాణంలోని సోడా కౌంటరు దగ్గర సోడా తాగారు. చెల్లి నెట్టీ చేతిలో మీ పుస్తకం చూసి మురిసిపోయి, సంతకం చేయబోయారు.

"నా పుస్తకం పాడుచేయకండి!" అంది నెట్టీ.

"నేనే పిమ్‌ని, తల్లీ."

"ఊరుకోండి! ఆ ముక్కు చాలదు. పిమ్ ముక్కుతో తలుపులు తోస్తాడు."

దుకాణమంతా నవ్వింది. ఆయన మాత్రం ఆ బొమ్మనే చాలాసేపు చూశారు.

సాయంత్రం నాటకంలో, మీరు గీసినంత పొడుగు మైనపు ముక్కు పెట్టుకుని, దాంతోనే తలుపు తోసుకుంటూ వచ్చారు. హాలు దద్దరిల్లింది. "ఇదిగో, అసలు పిమ్!" అని నెట్టీ కుర్చీ ఎక్కి అరిచింది.

తర్వాత ఆయన వేదిక దిగివచ్చి, "ఇప్పుడు పెట్టనిస్తావా సంతకం?" అని అడిగారు.

ఆ పుస్తకం దీనితో పంపుతున్నాను. అట్టమీది ముక్కు పక్కన "ఇది నాదే" అని రాసి సంతకం చేశారు. మేనేజరుకు చూపించి వెంటనే తిప్పి పంపండి. నెట్టీ ఏడుస్తూ ఇచ్చింది.

మీ మేనకోడలు