పన్నెండో వరుస

పద్నాలుగో తేదీ, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు.

నీళ్ళు పట్టాను. దుప్పట్లు రెండు, దిండు గలీబులు నాలుగు ఉతికి ఆరేశాను. మీ నాన్న చొక్కాకి గుండీలు కుట్టాను. మెట్లు కడగడం అయింది. అందులో సగం నా చేతి పని కాదు, ఆ సంగతి తర్వాత రాస్తాను. ఇవాళ్టి పనుల్లో మిగిలింది ఈ ఉత్తరం ఒక్కటే.

పెద్దమ్మాయికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ అల్లుడుగారూ కూడా అలాగే ఉన్నారనుకుంటాను. నర్సు ఉద్యోగంలో నెలంతా రాత్రి డ్యూటీలే పడ్డాయని రాశావు. పగలు పడుకునేటప్పుడు కిటికీకి మందపాటి గుడ్డ కట్టుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ నాన్న మోకాలు నయం, మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడతో ఏదో మాట్లాడుతూ దిగుతారు. కుట్టుమిషను అమ్మలేదు, నూనె వేస్తే మళ్ళీ దారిలో పడింది. ఇక మూడోది. "తమ్ముణ్ణి ఆ స్థితిలో వదిలేసి పారిపోయిన వాడి స్నేహితుడి పక్కన, మనం పొడుగు అని పిలిచే వాడి పక్కన, ఆ సంఘంలో ఎలా కూర్చుంటున్నావమ్మా?" అని అడిగావు. దానికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను. ముందు సోమవారం జరిగింది చెప్పనీ.

మా సంఘంలో అందరం మత్తు వల్ల ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళమో, కొద్దిలో దక్కించుకున్నవాళ్ళమో. మత్తుమందుల మీద తెస్తున్న కొత్త చట్టంలో రెండు మాటలు చేర్చమని రెండేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. ఆసుపత్రుల్లో చికిత్సకు మంచాలు పెంచాలి. మత్తు ఎక్కువై ఎవరైనా పడిపోతే, సాయానికి ఫోన్ చేసినవాళ్ళ మీద కేసు పెట్టకూడదు. ఈ రెండో మాట మీద మాలోనే కీచులాట. "అమ్మేవాళ్ళను లోపలెయ్యమని అడగక, ఈ ఫోన్ల గోలేంటి మనకి?" అంటుంది టైలరమ్మ. మా అధ్యక్షురాలు టీచరమ్మ, "అదీ అడుగుదాం. వాళ్ళు లోపలికెళ్ళే దాకా మన పిల్లలు బతికుండాలిగా" అంటుంది.

ఆ చట్టం మీద జనం మాట వినే కమిటీకి ఇచ్చే పట్టిక రాయడం నాకు అప్పగించారు. ముప్పై ఎనిమిది ఇళ్ళు. ప్రతి ఇంటికీ వెళ్ళి కూర్చుని అడిగాను. మనిషి పడిపోయినట్టు ఎప్పుడు చూశారు, అంబులెన్సుకు ఎప్పుడు ఫోన్ చేశారు, మధ్యలో ఎన్ని నిమిషాలు, ఎందుకు ఆగారు. పది నిమిషాలు, యాభై నిమిషాలు, ఒక ఇంట్లో మూడు గంటలు. కారణం అన్ని ఇళ్ళలోనూ ఒకటే, పోలీసులు వస్తారని. చెప్పేటప్పుడు ఎవరూ నా మొహం చూడలేదు. నేనూ కాగితం మీంచి తల ఎత్తలేదు.

సోమవారం పదింటికి కమిటీ ఆఫీసుకి వెళ్ళాం. గుమస్తా మా కాగితాలు తూకం వేసినట్టు చేత్తో ఎత్తి చూశాడు.

"అమ్మా, రెండు పేజీలు దాటితే సార్లు చదవరు."

"చదవకపోతే మేమే చదివి వినిపిస్తాం. నువ్వు ఓ కుర్చీ వేయించు నాయనా, నాకు నడుం నొప్పి" అంది టీచరమ్మ.

పొడవాటి బల్ల, అవతల అయిదుగురు. మా వెనక వరుసలో పొడుగు. ప్రెస్సులో సెలవు పెట్టి వచ్చాడు, గోళ్ళ సందుల్లో సిరా ఇంకా పోలేదు. కమిటీలో ఒక పెద్దాయన మాత్రం మా పట్టిక మొదటి నుంచి చివరిదాకా చదివాడు. వేలు ఒకచోట ఆపి, కళ్ళజోడు తీశాడు.

"ముప్పై ఏడు ఇళ్ళవాళ్ళు భయపడి ఆగారు. పన్నెండో వరుసలో ఆలస్యం సున్నా అని ఉంది. ఈ తల్లికి లేని భయం మిగతావాళ్ళకెందుకు? ధైర్యం ఉంటే ఇప్పుడున్న చట్టంతోనే వెంటనే పిలవొచ్చని ఈ వరుసే చెబుతోంది కదా. ఇక కొత్త మాట చేర్చడం దేనికి?"

మిగతా నలుగురూ తలలూపారు.

పన్నెండో వరుస మనదే, తల్లీ.

మూడేళ్ళ కిందటి ఆ సాయంత్రం గురించి మీ అందరికీ నేను చెప్పింది ఇదీ: బజారు నుంచి వచ్చి చూసేసరికి తమ్ముడు పడిపోయి ఉన్నాడు, పొడుగు పారిపోయాడు, నేను వెంటనే ఫోన్ చేశాను. జరిగింది అది కాదు. నేను వచ్చేసరికి పొడుగు వాడి తల ఒళ్ళో పెట్టుకుని, చేతిలో ఫోన్‌తో ఉన్నాడు. "అమ్మా, అంబులెన్సుకి చేస్తున్నా" అన్నాడు. నేను ఆ ఫోన్ లాక్కున్నాను. అంతకు రెండు నెలల ముందు వెనక వీధిలో ఇలాగే ఫోన్ చేసిన కుర్రాణ్ణి పోలీసులు జీపెక్కించారు, వీధంతా నిలబడి చూసింది. పొడుగు మీద అప్పటికే ఒక కేసు ఉంది. "నువ్వు కనబడితే ఇద్దర్నీ తీసుకెళ్తారు, పో" అన్నాను. "ముందు ఫోన్ చెయ్యండమ్మా, నన్ను తర్వాత తిట్టండి" అన్నాడు. రెక్క పట్టుకుని మెట్ల దాకా లాక్కెళ్ళాను. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదు.

తర్వాత నేను చేసిన పని ఇల్లు శుభ్రం చెయ్యడం. నాకు చేతనైంది అదే. దుప్పటి మార్చాను. వాడి చొక్కా విప్పి ఉతికినది తొడిగాను. గదిలో ఉన్నవన్నీ ఏరి మూటకట్టి అవతల పారేసి వచ్చాను. వాంతి పడిన మెట్లు కడిగాను. అంతసేపూ వాడు గురక పెడుతున్నాడు. నిద్రపోతున్నాడులే, లేస్తాడులే అనుకున్నాను. ఊపిరి అందని ఆ గురక ఏమిటో నర్సువి, నీకు తెలుసు. నాకు తెలియదు. అది ఆగాక ఫోన్ చేశాను. అంబులెన్సు వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంది.

రోజూ పనులు రాసుకునే నా నోటుపుస్తకంలో ఆ రోజు పేజీ అలాగే ఉంది. వచ్చింది నాలుగూ పదికి. ఫోన్ చేసింది నాలుగూ నలభై అయిదుకి. ముప్పై ఏడు ఇళ్ళవాళ్ళ చేత నిజం చెప్పించి రాసుకున్నదాన్ని, నా వరుస దగ్గరికి వచ్చేసరికి సున్నా చుట్టాను.

వాణ్ణి సాగనంపిన రోజు పొడుగు గుమ్మం దాకా వస్తే, "మా వాణ్ణి చంపేసి పారిపోయావు, మళ్ళీ ఈ మెట్లెక్కకు" అన్నావు నువ్వు. అతను నా వైపు చూశాడు. నేను చేతిలో మంచినీళ్ళ చెంబుతో నిలబడ్డాను. తల దించుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళుగా ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

సోమవారం లేచి నిలబడ్డాను. "ఆ సున్నా తప్పండీ. రాసింది నేనే, ఆ తల్లినీ నేనే. ముప్పై అయిదు నిమిషాలు" అన్నాను. ఎందుకు ఆగానో, ఫోన్ ఎవరి చేతిలోంచి లాక్కున్నానో అన్నీ చెప్పాను. ఎవరూ అడ్డు రాలేదు. పెద్దాయన జేబులోంచి కలం తీసి, సున్నా కొట్టేసి, పైన ముప్పై అయిదు వేసి, నా చేత సంతకం పెట్టించాడు. "ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది" అని పక్కనున్నాయనతో అన్నాడు. ఫోన్ చేసినవాళ్ళ మాట చట్టంలో చేరేదీ లేనిదీ వచ్చే నెల తేలుతుంది. మంచాల మాట ఎత్తనే లేదు.

బయట సైకిళ్ళ స్టాండు దగ్గర పొడుగు అన్నాడు, "ఎందుకమ్మా ఇప్పుడు? నాకు అలవాటైపోయింది."

"నాకు కాలేదు" అన్నాను.

మీ నాన్నకు నిన్న భోజనం దగ్గర చెప్పాను. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. ఇవాళ పొద్దున నేను మెట్లు కడుగుతుంటే వచ్చి, బకెట్టు నా చేతిలోంచి తీసుకుని, కింది మెట్లన్నిటికీ తనే నీళ్ళు పోశారు.

నన్ను క్షమించమని అడగను. ముప్పై అయిదు నిమిషాల్లో ఏమేం చెయ్యొచ్చో నీకు తెలిసినంత నాకు తెలియదు, అందుకే నీకు చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది. నాకు జవాబు రాయకపోయినా సరే, పొడుగుకి మాత్రం నీ చేత్తో నాలుగు ముక్కలు రాయి. చిరునామా ఈ కాగితం వెనక ఉంది.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ.

ఇంకొకటి. నోటుపుస్తకం మారినప్పుడల్లా చివరి పేజీలో ఒక వరుస ఎత్తి రాసుకుంటూ వచ్చాను: 'పొడుగు చెప్పులు, ఒక జత, ఇవ్వాలి.' అటక మీద సంచీలో ఉండేవి. ఇవాళ పన్నెండింటికి అతన్ని ఇంటికి పిలిచాను. మెట్లెక్కి పైదాకా వచ్చాడు. చెప్పులు ముందు పెడితే అక్కడే తొడుక్కున్నాడు. ఒక పట్టీ ఎండిపోయి తెగింది. అయినా అవే ఈడ్చుకుంటూ దిగి వెళ్ళాడు. ఆ వరుస కొట్టేసి, పక్కన 'ఇచ్చేశాను' అని రాశాను.