ముగ్గు లేని గుమ్మమూ, రిజైడ్ అను మాటా

మండల రెవెన్యూ అధికారి గారి సమక్షమునకు,
దూలపల్లి కార్మిక సంఘం మధుసూదన్ వ్రాయు అర్జీ.
తేదీ: 9 జూలై 2003

విషయం: ఇస్తారి భార్య దుర్గాబాయి తాను ఉంటున్న చోట ఉండుట లేదని తమరు ఇంగ్లీషులో తేల్చిన సంగతి గురించి.

అయ్యా,

తమరు చదువుతారన్న ఆశతో కాదు, చదవలేదని రేపు అనకుండా ఉండుటకు ఈ క్రింది సంగతులు మనవి చేయడమైనది.

1. సదరు దుర్గాబాయి మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన కొత్త లేఅవుట్‌లో వీరభద్రం గారి ఇంటికి కాపలా మనిషి. ఆ ఇంటి వెనుక రేకుల గదిలో భర్తతో, కూతురు వినోదతో పదేళ్లుగా కాపురమున్నది. భర్తకు కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీ పని, ఆమెకు కోళ్లఫారంలో కూలి. కాపలాకు జీతం లేదు, గదికి కిరాయి లేదు. వీరభద్రం గారు భార్య జానకీదేవి గారితో ఉద్యోగరీత్యా పుణెలో ఉంటారు. గృహప్రవేశం నాడు పాలు పొంగించి, మరునాడే తాళం వేసి వెళ్లిన వారు. ఆయన ఏ జిల్లావారన్నది నాకు అక్కరలేదు. నా తగాదా తమ కలంతో.

2. వినోదకు బాలికల గురుకుల పాఠశాలలో సీటు వచ్చింది. నివాస ధ్రువపత్రం శనివారంలోగా ఇవ్వకుంటే ఆ సీటు మరొకరికి పోతుంది. ఈలోగా వినోద, తల్లి వెంట కోళ్లఫారానికి గుడ్లు ఏరడానికి పోతున్నది. తమ కార్యాలయంలో దీనిని 'పెండింగ్' అందురు.

3. విచారణకు తమ గిర్దావర్ గారు పట్టపగలు పదకొండు గంటలకు వేంచేశారు. కూలివాళ్ల గుమ్మానికి ఆ వేళ తాళం గాక మామిడి తోరణం ఉంటుందా? వెనుక గదికి తాళం ఉన్నది, వాకిట ముగ్గు లేదు. ముందింటి వాకిట్లో నిండుగా ముగ్గు ఉన్నది, దండెం మీద తడి చీర ఆరుతున్నది. అంతే. వీరభద్రం గారి కుటుంబం రిజైడ్ అవుతున్నదని, దుర్గాబాయి రిజైడ్ కావడం లేదని వ్రాసుకొని పోయారు. ఆ ఒక్క విచారణ మీదనే వీరభద్రం గారి కుమారుడు విశ్వతేజకు నివాస ధ్రువపత్రం దక్కింది. వినోద అర్జీ వెనక్కి వచ్చింది.

4. ఆ ముగ్గు వేసినది దుర్గాబాయి. ఖాళీ ఇంటిని దొంగలు వాకిలి చూసి కనిపెడతారు గనుక, అక్కడి కాపలా ఆడవాళ్లు రోజూ ఓనర్ల వాకిళ్లు ఊడ్చి, పేడనీళ్ల సాంపి చల్లి, ముగ్గులు పెట్టడం ఆచారం. జానకీదేవి గారి పాత చీరను ప్రతి ఉదయం తడిపి దండెం మీద వేయాలి. కట్టుకొనే మనిషి లేని ఆ చీర పదేళ్లుగా ఆరుతూనే ఉన్నది. దొంగల కోసం పన్నిన ఆ ఎత్తుకు దొంగలు పడ్డారో లేదో గాని, రెవెన్యూ శాఖ పడింది.

మరి తన గుమ్మం ముందు ముగ్గు ఎందుకు వేయలేదు? ఇస్తారి తల్లి ఆ వారమే ఆ గదిలోనే కన్నుమూసింది. పెద్దకర్మ కాలేదు. మైల చేతులతో మీ వాకిట ముగ్గు పెట్టనని దుర్గాబాయి పుణెకు ఫోన్ చేసి చెప్పింది కూడా. మైల మీ గదికి గాని మా ఇంటికి కాదుగదా, మానవద్దని జానకీదేవి గారు సెలవిచ్చారు. మూడోనాడు పిండం పెట్టి పిట్టముట్టుడు కాగానే కడుపు కోసం కోళ్లఫారానికి పోక తప్పలేదు, గదికి తాళం పడింది. నేను మైలను నమ్మను, నమ్మేవాళ్లతో కొట్లాడే మనిషిని. కాని సర్కారు ముగ్గును నమ్మి సర్టిఫికెట్లు ఇస్తున్నదని తెలిశాక, ఇన్నాళ్లూ తప్పుడు మనుషులతో కొట్లాడానని అర్థమైనది.

5. సోమవారం నేను ఆమెను వెంటబెట్టుకొని తమ ముందు నిలబడ్డాను. "సార్, మా అత్త సచ్చిపోయిన ఇంటి ముంగట ముగ్గెట్ల ఏస్త?" అని ఆమె అడిగింది. తమరు ఆమె వైపు చూడలేదు. నాతో అన్నారు: "ఆమె అక్కడ స్టే చేస్తోందంతే మాస్టారూ. రిజైడ్ కావడం వేరు. చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా?"

6. చెప్పవలసినది నేనే. రిజైడ్ అనగా నివసించుట. వండుకొని, తిని, పడుకొని, జ్వరమొస్తే మూలిగి, తెల్లారితే లేచే చోటు. ఆ క్రియకు పట్టాదారు పాసుపుస్తకం జతచేయాలని ఏ నిఘంటువూ చెప్పలేదు. గవర్నరు గారు రాజ్‌భవన్‌లో రిజైడ్ అవుతారు, ఆ భవనం వారి తాతగారిది కాదు. తమరు గవర్నమెంటు క్వార్టరులో రిజైడ్ అవుతున్నారు, రేపు బదిలీ ఆర్డరు వస్తే మూటాముల్లె సర్దుకొని పోయేవారే. మరి కూలిమనిషి దగ్గరికి రాగానే అది ఎట్లా 'స్టే' అయింది? భాష మీద తమకున్న పట్టు ఇది కాదు. చొక్కా చూసి క్రియను మార్చే అలవాటు. దీనికి తమరు పెట్టుకున్న పేరు పరిపాలన.

7. ఇస్తారి తల్లి మరణించిన స్థలంగా గ్రామ పంచాయతీ ఆ గదినే నమోదు చేసింది. అనగా సర్కారు లెక్కలో ఆ గదిలో చావవచ్చును, నివసించరాదు.

కావున తమరు ఇంగ్లీషును దాని మానాన వదిలి, తెల్లవారుజామున స్వయంగా ఆ లేఅవుట్‌కు వచ్చి, ఏ తలుపు వెనుక నుంచి మనుషులు లేచి వస్తున్నారో కళ్లారా చూసి, శనివారంలోగా వినోదకు ధ్రువపత్రం ఇప్పించవలెను. చిత్తమనునది కార్యాలయంలో మంజూరై ఉన్నచో చిత్తగించవలెను.

తమ విధేయుడు కాకపోయినా తమ పరిధిలోనే పడి ఉన్నవాడు,
మధుసూదన్

తాజా కలం: దీనిని దుర్గాబాయికి చదివి వినిపించాను. సగంలోనే ఆపమన్నది. ఈ ఉదయం నుంచి ఆ ఇంటి ముందు ముగ్గు వేయడం మానిందట, చీర కూడా మడతపెట్టి లోపల పడేసిందట. తమ గిర్దావర్ గారు ఇప్పుడు వస్తే అక్కడా ఎవరూ రిజైడ్ కావడం లేదని వ్రాసి, విశ్వతేజ పత్రాన్ని రద్దు చేసుకోవచ్చును. తొందరపడకమ్మా, ఓనరు గదిలోంచి వెళ్లగొడతాడు అన్నాను.

"నేను ఆడ ఉంటలేనని సర్కారే రాసిచ్చె గద సార్. ఇగ ఏడికెల్లి ఎల్లగొడ్తడు?" అన్నది.