సగం నిమ్మ, సగం నారింజ

తిరుపతి, 1946 ఏప్రిల్ 14, ఆదివారం

గుండు గీయించుకున్న యాత్రికుల తలకు మేం అమ్మే గంధంలో ఈ ఎండాకాలం ఏ వాసన కలపాలో ఇవాళ తేలింది. తేలిందనే అనుకుంటున్నాను.

నాయనకు నిమ్మరసం కావాలి. "మూత తీస్తే వీధంతా తెలియాల" అంటాడు. నేను నారింజ తొక్కలు నానబెట్టిన నీళ్లు కలుపుదామన్నాను. "నీకేం తెలుసే?" అన్నాడు. గంధం తీసేది ఆయనే. నన్నింతవరకు సానరాయి తాకనివ్వలేదు.

పొద్దున మాటామాటా పెరిగింది. విసురుగా వెళ్లి తనే గుండు గీయించుకొచ్చాడు. "సగం తలకు నాది పూయి, సగానికి నీది. సూస్తాము" అని ఎదురుగా కూర్చున్నాడు.

ముందు నిమ్మ గంధం పూశాను. తల మీద కత్తి గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మంటా నాయనా?"

"యాడుండాది మంట? సల్లగుండాది."

రెండో సగం పూయకముందే బావి దగ్గరికి పరుగెత్తాడు! ఇన్నాళ్లూ ఇద్దరం గిన్నెలు వాసన చూసి పోట్లాడుకున్నామే గానీ, గీసిన తలకు పూసి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

తిరిగొచ్చి తలంతా నారింజ గంధమే పూయించుకున్నాడు. నువ్వే గెలిచావని మాత్రం అనలేదు. ఇంత మెత్తటి వాసన యాత్రికుల ముక్కుకు ఆనుతుందో లేదో...

దీపం తెచ్చుకోబోయి ఇప్పుడే చూశాను. ఎప్పుడూ ఆయన పీట ముందుండే సానరాయి నా పీట ముందుకు జరిగి ఉంది.