మైపాడు సైటుకు కాగితం శాంపిళ్లు

సైటు ఆఫీసు,
మైపాడు.

నెల్లూరు ప్రెస్సు మస్తానయ్య గారికి,

నమస్కారం. మన వెంచరు బ్రోచరు కోసం ఆటోలో పంపిన మూడో విడత కాగితం శాంపిళ్లు అందాయి. ఫోన్‌లో చెప్తే రెండు ముక్కల్లో అయిపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

పలచటి కాగితం వద్దు. ఆదివారం ప్లాట్లు చూడటానికి కార్లలో వచ్చేవాళ్లు ఇప్పుడున్న పలచటి బ్రోచరు తీసుకుని, కాసేపు విసురుకుని, ఇసకలో పరుచుకుని కూర్చుని, అక్కడే వదిలేసి పోతారు. సాయంత్రం ఏరుకొచ్చేది నేనే. మిగతా ఆరు రోజులూ ఇక్కడ సరిహద్దు రాళ్లూ నేనూ తప్ప ఎవరూ ఉండరు.

గ్లాసీ లామినేషన్ అసలే వద్దు. ఉప్పుగాలికి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. మా ఓనరు నరేంద్రబాబు గారికీ అదే చెప్పాను. "మ్యాట్ వేయించు, నన్ను మళ్లా అడగబాక" అన్నారు. ఆయన ఆ మాట అని నెలయింది. మీకు చెప్పకుండా ఇంకో రకం, ఇంకో రకం అంటూ తెప్పించుకుంటున్నాను. తప్పు నాదే.

ప్రతి శాంపిల్ వెనకా మీరు పెన్సిల్‌తో కాగితం మందం రాసి, దాని కింద "అన్నా, అన్నం తిన్నావా?" అనో, "గాలి జాస్తిగా ఉండాదా?" అనో రాస్తారు గదా. ఈసారి గ్లాసీ ముక్క మీద రాత నిలవలేదు. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసినా తెలియలేదు.

మ్యాట్‌కే ఆర్డర్ రాసుకోండి. వెయ్యి కాపీలు. ఇంక శాంపిళ్లు అక్కర్లేదు.

ఆ గ్లాసీ ముక్క మీద ఏం రాశారో మాత్రం, పెన్సిల్ పట్టే కాగితం మీద మళ్లీ రాసి పంపండి.