ధార సన్నబడిందట

తమ్ముడూ, నీ దగ్గు తగ్గిందా? మరదలి మోకాలు ఎలా ఉంది? పాపకు జ్వరం మళ్ళీ రాలేదు కదా?

మా అమ్మాయి ప్రయోగశాలలో చూసుకునే యంత్రంలో కంటికి కనబడని ఏవో కణాల ధార ఒకటి పుడుతుందట. అది సన్నబడితే విప్పి కడిగారు. ధార పెరిగేదాకా అమ్మాయికి సెలవు లేదన్నారు. చూద్దామని వెళ్ళినదాన్ని ఊరుకోక, యంత్రంలోంచి విప్పిపెట్టిన తళతళలాడే గిన్నెమీద మరకుందని కొంగుతో తుడిచాను. "అమ్మా, చేతి జిడ్డు అంటితే పనికిరాదే" అని మొత్తం మళ్ళీ కడిగింది. తీరా బిగించాక ధార మునుపటికంటే జోరుగా వచ్చిందట. "ఇకమీదట మీ అమ్మగారిచేతే తుడిపిద్దాం" అని తోటివాళ్ళు నవ్వుతున్నారు. చెడగొట్టానో బాగుచేశానో నాకు అంతుపట్టడం లేదు.

నేను రాకుండా నీ కంటి ఆపరేషన్‌కు ఒప్పుకోకు. మేడగది దులిపించారా? అందరికీ నా దీవెనలు. అమ్మాయికి సెలవిచ్చారు, పదకొండో తారీకు గురువారం పొద్దుటికల్లా ఇద్దరం వస్తున్నాం.